కరెంటు ఇంజినీరు ఉద్యోగం: గేట్ ఫారం నుంచి మొదటి ఎల్‌సీ (లైన్ క్లియర్) దాకా

ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రుల జాతీయ పరీక్ష) దరఖాస్తుల కాలం కదా. చుట్టాల పిల్లలు, మా ఊరి పిల్లలు, వాళ్ళ స్నేహితులు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, గేట్ రాయమంటావా, మన ఏఈ నోటిఫికేషన్ కోసం ఆగమంటావా?" డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి సెక్షన్లూ సబ్‌స్టేషన్లూ తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "రాత్రి రెండింటికి ఫోనొస్తే లేస్తావా?" అవతలివాళ్ళు నవ్వేస్తారు. నేను అడిగింది నవ్వులాటకు కాదు.

పరీక్ష గట్టెక్కడం ఎలాగో చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు. చేరాక శిక్షణ ఏడాదిలో ఏం చేయాలో చెప్పేవాళ్ళు మాత్రం కనబడరు. అందుకని పరీక్ష సంగతి కావలసినంత చెప్పి, ఆ ఏడాది సంగతి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు పని ఎంచుకోండి, పరీక్ష తర్వాత

మా పెద్దవాళ్ళు ఇప్పటికీ "బోర్డు ఉద్యోగం" అంటారు. 1959లో ఏర్పడిన ఆ విద్యుత్ బోర్డు 1999లో ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కోగా విడిపోయింది. మరుసటి ఏడాది పంపిణీ సంస్థలు వేరయ్యాయి. తెలంగాణలో ఎస్‌పీడీసీఎల్, ఎన్‌పీడీసీఎల్, ఆంధ్రలో ఈపీడీసీఎల్, ఎస్‌పీడీసీఎల్, సీపీడీసీఎల్ అని మూడు. కేంద్రం వైపు ఉత్పత్తికి ఎన్‌టీపీసీ, ప్రసారానికి పవర్‌గ్రిడ్, గ్రిడ్డును నడిపించడానికి గ్రిడ్ ఇండియా. పేర్లు ఎన్నున్నా చేసే పని ప్రధానంగా మూడు రకాలే.

ఉత్పత్తి అంటే రామగుండం, సింహాద్రి, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల షిఫ్టు డ్యూటీ. టౌన్‌షిప్పులో క్వార్టరు, బడి, ఆసుపత్రి అన్నీ ఉంటాయి. కానీ మీరు చదివింది ఎలక్ట్రికలే అయినా బాయిలరు గొట్టం ఎందుకు పగులుతుందో, బొగ్గు మిల్లు ఎందుకు మొరాయిస్తుందో నేర్చుకోక తప్పదు. నైట్ షిఫ్టు పడనివాళ్ళకు ఈ దారి కష్టం.

ప్రసారం అంటే 220, 400, 765 కేవీ (కిలోవోల్టుల) సబ్‌స్టేషన్లు. ఊరికి దూరంగా, చుట్టూ పొలాలు, రోజంతా ఒకటే హమ్మనే మోత. మనుషులు తక్కువ, రిలేలు (లైన్లో లోపాన్ని పసిగట్టే పరికరాలు) ఎక్కువ. ప్రొటెక్షన్ సబ్జెక్టు ఇష్టపడి చదివినవాళ్ళకు ఇది పుట్టిల్లు.

పంపిణీ అంటే జనం. సర్పంచి, రైతు, అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు, బిల్లు ఎక్కువొచ్చిందని గొడవకొచ్చే పెద్దాయన, గాలివానకు పడిపోయిన స్తంభం, అన్నీ మీ నెత్తిమీదే. నేను ఇందులోనే ఉన్నాను కాబట్టి పక్షపాతం ఉంటుంది, అది తీసేసే చదువుకోండి: ఇంజినీరు చేసిన పని ఆ సాయంత్రానికే కంటికి కనబడేది ఇక్కడే.

ఈ మూడింటిలో ఏది మీ ఒంటికి సరిపడుతుందో తేలకపోతే ఒక పని చేయండి. తెలిసినవాళ్ళ ద్వారా అనుమతి తీసుకుని మీ దగ్గర్లోని 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఒక సాయంత్రం పీక్ లోడు వేళ ఆపరేటరు పక్కన కూర్చోండి. అక్కడ మీకు విసుగొస్తుందో, ఉత్సాహమొస్తుందో చూసుకోండి.

లోపలికి వెళ్ళే తలుపులు

పెద్ద తలుపు గేట్. ఫిబ్రవరిలో పరీక్ష, మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. మన పిల్లలు ఎక్కువమంది పోగొట్టుకునేది అక్కడే, "అది తేలికేలే" అనుకుని. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలకు తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. సంఖ్య రాసే ప్రశ్నలకు కోత లేదు కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఒకటుంది. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది కదా అనుకుంటారు. చెల్లేది ఎంటెక్ సీటుకు. ప్రభుత్వ రంగ సంస్థలు మాత్రం ఏ సంవత్సరం గేట్ కావాలో ప్రకటనలోనే రాస్తాయి. ఎన్‌టీపీసీ 2025లో 475 ఇంజినీరింగ్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు అడిగింది గేట్-2024. ఆ ఏడాది రాయనివాళ్ళు 2025లో మంచి మార్కులు తెచ్చుకున్నా పక్కన నిలబడాల్సి వచ్చింది. అదే ప్రకటనలో జనరల్ అభ్యర్థులకు బీటెక్‌లో 65 శాతం, వయసు 27 దాటకూడదు అన్నారు. మూడో సంవత్సరంలో బ్యాక్‌లాగులతో ఆడుకునేవాళ్ళు ఆ 65 అంకెను గోడ మీద రాసుకోండి. పరీక్షలో ర్యాంకు వచ్చి, శాతం చాలక ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు.

పవర్‌గ్రిడ్ లెక్క వేరు. అక్కడ ఎంపికలో గేట్ వాటా 85, గ్రూప్ చర్చకు 3, ఇంటర్వ్యూకు 12 అన్న పద్ధతి నడిచింది. అంటే ఇంటర్వ్యూలో అదరగొట్టేద్దాం అనుకునే వీలు పెద్దగా లేదు, యుద్ధం ఫిబ్రవరిలోనే అయిపోతుంది. ఏ సంస్థదైనా సరే, ఆ ఏడాది ప్రకటనను మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా మీరే చదవండి. గ్రూపుల్లో ఎవరో పంపిన సారాంశాన్ని నమ్ముకుని ఫారం నింపొద్దు.

రెండో తలుపు మన రాష్ట్ర సంస్థల ఏఈ పరీక్ష. తెలంగాణ దక్షిణ డిస్కం 2022లో 70 ఏఈ పోస్టులకు ప్రకటన ఇచ్చింది, జెన్‌కో 2023లో 339కి ఇచ్చింది. రెండింట్లోనూ 100 మార్కుల పేపరే: 80 సబ్జెక్టు, 20 జనరల్ అవేర్‌నెస్, అంకగణితం వగైరా. గేట్ లోతు అడుగుతుంది, ఇది వేగం, విస్తృతి అడుగుతుంది. జీతం తక్కువేమీ కాదు, ఆ ప్రకటనల్లో మూల వేతనం 64,295 రూపాయల నుంచి మొదలు. చిక్కల్లా ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే. జెన్‌కో ప్రకటన 2023 అక్టోబరులో వస్తే పరీక్ష జరిగింది 2024 జులైలో. అందుకే ఫోన్ చేసినవాళ్ళకు నా జవాబు: గేట్‌కు చదువుతూ ఉండండి, ఏఈ ప్రకటన వచ్చిన రోజున ఆ 20 మార్కుల భాగం తగిలించుకోండి. ఏఈ కోసం గేట్‌ను ఆపడమనే మాటే వద్దు.

మూడోది కిటికీ. గ్రాడ్యుయేట్ అప్రెంటిస్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒక ఏడాది, కేంద్రం వారి నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్ళకు కనీస స్టైపెండు నెలకు 9,000 రూపాయలు. ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు, ఎవరైనా ఇప్పిస్తామంటే డబ్బుకోసమే. అయినా ఇంట్లో ఖాళీగా కూర్చుని వీడియోలు చూసేకంటే ఇది వెయ్యి రెట్లు నయం. సబ్‌స్టేషన్‌లో ఏడాది తిరిగొచ్చినవాడు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు.

చదివేటప్పుడు ఒక్క లెక్క చేతిలో పెట్టుకోండి

ఏ పుస్తకాలు కొనాలో చెప్పను, మీ సీనియర్లు చెబుతారు. పవర్ సిస్టమ్స్, మెషీన్లు, నెట్‌వర్క్స్, కంట్రోల్ సిస్టమ్స్ గట్టిగా పట్టుకోండి. ప్రతి సూత్రాన్నీ బయట కనబడే వస్తువుకు ముడివేయడం మాత్రం మరవొద్దు.

ఉదాహరణకు మీ ఊరి చేలో ఉన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) వైపు 433 వోల్టులు. 25,000ని 1.732తో, 433తో భాగిస్తే సుమారు 33 ఆంపియర్లు. ఐదు హార్స్‌పవర్ మోటారు నడుస్తున్నప్పుడు ఏడు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు మోటార్లు హాయిగా నడుస్తాయి. కానీ దాని మీద ఏడు తగిలించి ఉంటాయి, అందులో రెండు అనధికారంవి. పైగా కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్లు. కరెంటు పోయి వచ్చిన క్షణంలో అన్నీ ఒక్కసారే లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కొక్కటి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. యాసంగిలో ట్రాన్స్‌ఫార్మర్లు కాలి, వాటిని బాగుచేసే ఎస్‌పీఎం షెడ్డు ముందు ఎందుకు వరుస కడతాయో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని మావాళ్ళు చేను చేనుకూ తిరిగింది అందుకే.

ఇంటర్వ్యూలో "డైవర్సిటీ ఫ్యాక్టర్ అంటే?" (అన్ని లోడ్లూ ఒకేసారి నడవవన్న లెక్క అది) అని అడిగినప్పుడు నిర్వచనం అప్పజెప్పేవాడూ, ఈ చేను కథ చెప్పేవాడూ పక్కపక్కన కూర్చుంటే బోర్డువాళ్ళు ఎవరివైపు తిరుగుతారో మీరే ఊహించుకోండి. ఇంకొకటి తప్పక అడిగేది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ. 50 అని ఊరుకోకండి. 49.90 నుంచి 50.05 మధ్య ఎందుకు ఉంచుతారో, 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం ఎందుకు చీకటైందో, అప్పుడు మన దక్షిణ గ్రిడ్ ఎందుకు బతికిపోయిందో తెలుసుకుని వెళ్ళండి. అప్పటికి మనం మిగతా దేశంతో ఒకే తాళంలో కలవలేదు. రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైను మీద ఆ కలయిక జరిగింది 2013 డిసెంబరు 31న.

కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం. కానీ ర్యాంకు వచ్చాక మనిషిని ఏడిపించేదీ ఇదే.

కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో, నాన్ క్రీమీలేయర్‌తో ఉండాలి. మన రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం ఉందో లేదో ఫారం నింపకముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ కాగితం ప్రకటనలో అడిగిన ఆర్థిక సంవత్సరానిదే కావాలి, పోయినేటిది పనికిరాదు. తెలంగాణ సంస్థలకు లోకల్ కోసం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు. మూతబడిన ప్రైవేటు బడిలో చదివుంటే ఇప్పుడే మండల విద్యాధికారి ఆఫీసు మెట్లెక్కండి, వెరిఫికేషన్‌కు వారం ముందు కాదు.

వైద్య పరీక్షలో రంగుల గుర్తింపు చూస్తారు. రెడ్, ఎల్లో, బ్లూ ఫేజుల మధ్య తేడా తెలియకపోతే ఈ పనిలో ప్రాణం మీదికొస్తుంది. అనుమానముంటే ముందే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి తేల్చుకోండి. ఇక బాండు. కేంద్ర సంస్థలు శిక్షణ తర్వాత ఇన్నేళ్ళు పనిచేస్తానని రాయించుకుంటాయి, మధ్యలో వెళ్తే డబ్బు కట్టాలి. సివిల్స్ ఆలోచన మనసులో పెట్టుకుని చేరేవాళ్ళు ఆ పేజీ రెండుసార్లు చదివి సంతకం పెట్టండి.

శిక్షణ ఏడాది

ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్‌లలో సుమారు ఏడాది శిక్షణ. కొన్నాళ్ళు క్లాసు గది, కొన్నాళ్ళు సైటు. మన డిస్కంలలో క్లాసు తక్కువ, నేరుగా నీళ్ళలోకి తోసేయడం ఎక్కువ. ఏదైనా కానివ్వండి, ఈ ఏడాదిలో మీకున్న ఒకే ఒక సౌకర్యం, తెలియదని చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. ఏడాది దాటాక అదే ప్రశ్న అడిగితే "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అంటారు.

మొదటి వారం: సబ్‌స్టేషన్ సింగిల్ లైన్ డయాగ్రమ్ చేత్తో గీయండి. గోడ మీది బొమ్మ చూసి కాదు. యార్డులో నిలబడి, 33 కేవీ లైను ఎక్కడ దిగిందో అక్కడ మొదలుపెట్టి, ఏబీ స్విచ్ (లైనును కంటికి కనబడేలా విడదీసేది), బ్రేకరు (కరెంటును తెంచేది), సీటీలు (కరెంటును కొలతకు తగ్గించి చూపేవి), పవర్ ట్రాన్స్‌ఫార్మర్, 11 కేవీ బస్‌బార్ (కరెంటును పంచే కడ్డీలు), ఫీడర్లు (బయటికి వెళ్ళే లైన్లు) అన్నీ కళ్ళతో నడిచి గీయండి. తర్వాత గోడ మీది బొమ్మతో పోల్చండి. తేడా కనబడిందా, మీది తప్పు కావాలనేం లేదు. నేను గీసినప్పుడు గోడ మీద లేని ఫీడరు ఒకటి యార్డులో ఉంది.

మొదటి నెల: లాగ్‌బుక్ చదవండి. పాత ఏడాదిది. ఏ ఫీడరు ఏ నెలలో ఎన్నిసార్లు ట్రిప్ అయింది (లోపం వచ్చి దానంతటదే ఆగింది), ఏ రిలే పనిచేసింది. నాలుగు పేజీలు తిప్పేసరికి చెట్లు ఏ ఫీడరు మీద పడతాయో, ఏ ఫీడరు మీద మోటార్లు మోయలేనంత ఉన్నాయో తెలిసిపోతుంది. ఆపరేటరు మీకంటే తక్కువ చదివుండొచ్చు. బ్రేకరు మూసుకున్న చప్పుడులో తేడా ఆయన చెవికే తెలుస్తుంది. గారూ అని పిలవండి, టీ కలిసి తాగండి.

ఇక ఎల్‌సీ. లైన్ క్లియర్. ఈ ఏడాదిలో మీరు మిగతావన్నీ మరిచినా ఇదొక్కటి మరవకూడదు. లైను మీద పని చేయాలంటే బాధ్యత గల మనిషి ఆపరేటరును ఎల్‌సీ అడగాలి. ఆపరేటరు బ్రేకరు తెరిచి, ఐసొలేటరు లేదా ఏబీ స్విచ్ తెరిచి తాళం వేసి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, నంబరు, టైము రాసి ఎల్‌సీ ఇవ్వాలి. పని అయ్యాక తీసుకున్న మనిషే తిరిగి ఇవ్వాలి. "పదింటికి ఆపి పదకొండుకు వేసేయ్" అనే టైము ఎల్‌సీకి ఎప్పుడూ ఒప్పుకోకండి. అవతలివాడి గడియారం రెండు నిమిషాలు ముందుంటే ఒక ఇంట్లో దీపం ఆరిపోతుంది.

నేను చేరిన మూడో నెలలో ఒక ఊరి చివర 11 కేవీ జంపరు (రెండు తీగలను కలిపే ముక్క) తెగింది. ఎల్‌సీ నంబరు తీసుకున్నాను, బ్రేకరు తెరిచారు, ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపోవడం కంటితో చూశాను. "ఎక్కండి" అన్నాను. మా లైన్ ఇన్‌స్పెక్టరు కదల్లేదు. "మేడం, పెళ్ళిళ్ళ సీజను" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. ఆయన డిశ్చార్జ్ రాడ్డు (తీగలోని కరెంటును నేలలోకి దింపేది) ఎర్త్ బిగించి తీగకు తగిలించాడు. చిటపటమని నిప్పురవ్వలు. అందరం అడుగు వెనక్కి వేశాం. పక్క వీధిలో ఒక ఫంక్షన్ హాలు. చేంజోవర్ స్విచ్ (జనరేటరూ లైనూ కలవకుండా ఆపేది) లేకుండా జనరేటరు కట్టుకున్నారు, అది ఎల్‌టీ తీగల మీదుగా ట్రాన్స్‌ఫార్మర్లోకి వెళ్ళి, 11 కేవీ వైపు తిరగబడి లైన్లోకి ఎక్కుతోంది. జనరేటరు ఆపించి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏబీ స్విచ్ తెరిచి, పనిచేసే చోటుకు రెండు వైపులా రాడ్లు వేశాకే మనిషి స్తంభం ఎక్కాడు.

ఆ రోజు నుంచి నేను తీగకు రాడ్డు తగలకుండా "ఎక్కండి" అన్న మాట అనలేదు. ఇప్పుడు ఇంటింటికీ ఇన్వర్టర్లు, కప్పుల మీద సోలారు. ఎదురు కరెంటు వచ్చే దారులు పెరిగాయే కానీ తగ్గలేదు.

సెక్షన్ చేతికొచ్చాక

సెక్షన్, అంటే మీరు చూసుకోవాల్సిన ప్రాంతం, చేతికొచ్చిన పదిహేను రోజుల్లో ప్రతి ఫీడరూ ఒకసారి నడవండి లేదా బండి మీద తిరగండి. వీధి దాటే చోట 11 కేవీ తీగ భూమికి 6.1 మీటర్ల ఎత్తులో, ఎల్‌టీ 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంవల్ల తీగ కదలకుండానే ఎత్తు తగ్గిపోతుంది. పక్కింటివాళ్ళు బాల్కనీ ముందుకు జరిపితే తీగకూ ఇంటికీ మధ్య ఉండాల్సిన 1.2 మీటర్ల దూరం మింగేస్తారు. నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దాచుకోండి. రేపు ఏదైనా జరిగితే మీరు నోటితో చెప్పానంటే వినేవాళ్ళుండరు.

మెజర్‌మెంట్ బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) మీరు చూడని పనికి సంతకం పెట్టొద్దు. ఎంత పెద్దవాళ్ళు ఫోన్ చేసినా సరే. దీనిమీద ఇంతకంటే ఎక్కువ రాయను.

ఆడపిల్లలు అడుగుతుంటారు, రాత్రి బ్రేక్‌డౌన్‌లకు ఎలా అని. వెళ్ళాలి, వెళ్తున్నాం. ఇద్దరు సిబ్బంది లేకుండా కదలకండి, అది మగవాళ్ళకూ వర్తిస్తుంది. ఇంట్లోవాళ్ళకు ఏ సబ్‌స్టేషన్‌కు వెళ్తున్నారో చెప్పండి. మంచి టార్చి, ఇన్సులేటెడ్ బూట్లు మీ డబ్బుతోనైనా కొనుక్కోండి.

మొదటి రాత్రి ఫోను మోగినప్పుడు కంగారుగా లైన్ల మీదికి పరుగెత్తకండి. ముందు ఆపరేటరును "ఏ ఫ్లాగు పడింది?" అని అడగండి. రిలే మీద ఏ లోపమో చూపే గుర్తు అది. ఎర్త్ ఫాల్ట్ అంటే కొమ్మ తగలడమో, తీగ తెగి పడటమో, ఇన్సులేటరు పగలడమో. ఓవర్ కరెంటు అంటే తీగలు రెండు కలవడమో, లోడు మించడమో. గాలివాన రాత్రి ఎర్త్ ఫాల్ట్ పడితే ఊళ్ళోవాళ్ళు ఫోను చేసేదాకా ఆగండి, తీగ నేలమీద ఉందేమో తెలియకుండా చార్జి చేయించొద్దు. తెగిన తీగ లేదని రూఢి అయ్యాక ఒక్కసారి వేయించి చూడండి. నిలవకపోతే ఫీడరు మధ్యలో ఏబీ స్విచ్ తెరిపించి మొదటి సగం వేయించండి. అది నిలిస్తే లోపం రెండో సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. మూడుసార్లు చేసేసరికి వెతకాల్సింది ఫీడరులో ఎనిమిదో వంతుకు వస్తుంది. దొరికాక ఎల్‌సీ, రాడ్డు, అప్పుడు మనిషి. లైను నిలిచాక ఆపరేటరుతో టైము రాయించి, పొద్దున్నే ఆ కొమ్మ కొట్టించే పని డైరీలో రాసుకుని పడుకోండి.